ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు కాపురాలు: విండోస్ పక్కన లినక్స్ మింట్ వేసుకునే పద్ధతి

మా బావమరిది ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ చేస్తాడు. తెలుగు టైపింగ్‌కి అను స్క్రిప్ట్, పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్ లేకపోతే అతనికి రోజు గడవదు. పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖలు వరస కట్టినప్పుడు అయితే మరీనూ. ఆ రెండూ విండోస్ మీదే నడుస్తాయి. అతని కూతురు బీటెక్ సెకండ్ ఇయర్. కాలేజీ ల్యాబ్‌లో అంతా లినక్సే, అంటే విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్. ఇంట్లో ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్: విండోస్ 11, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. "మామయ్యా, నాన్నది కదిలించకుండా నాకు లినక్స్ వేసిపెట్టు" అంది. దీన్నే డ్యుయల్ బూట్ అంటాం. ఆన్ చేయగానే ఏది కావాలని అడుగుతుంది, ఎంచుకున్నది లేస్తుంది, రెండోది నిద్రపోతుంది.

ఆ ల్యాప్‌టాప్‌లో చేసిన పనినే వరసగా రాస్తున్నాను. పెన్‌డ్రైవ్ పెట్టాక పట్టేది అరగంట. పెన్‌డ్రైవ్ పెట్టకముందు విండోస్‌లో చేయాల్సినవి సరిగ్గా చేస్తే ఆ అరగంట హాయిగా గడుస్తుంది. చేయకపోతే రాత్రి పదకొండింటికి ఎవరెవరికో ఫోన్లు చేస్తూ కూర్చోవాలి. నేను కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను. అందుకే ఇందులో చాలా భాగం ఆ ముందు పని గురించే ఉంటుంది.

మీకు నిజంగా ఇదే కావాలా?

పైథాన్ నేర్చుకోవడానికో, నాలుగు టెర్మినల్ కమాండ్లు అలవాటు చేసుకోవడానికో అయితే విండోస్ లోపలే లినక్స్‌ను నడిపించే డబ్ల్యూఎస్ఎల్ ఉంది, వర్చువల్‌బాక్స్ ఉంది. డిస్క్‌ను ముక్కలు చేయక్కర్లేదు. ర్యామ్ 16 జీబీ ఉంటే వర్చువల్‌బాక్స్ బాగానే నడుస్తుంది. 8 జీబీ అయితే విండోస్ కొంత, లినక్స్ కొంత పంచుకుని రెండూ ఆయాసపడతాయి. డ్యుయల్ బూట్‌లో ఎప్పుడూ ఒకటే నడుస్తుంది కాబట్టి మిషన్ మొత్తం దానిదే. పాత ల్యాప్‌టాప్‌కి ఈ తేడా కళ్లకు కనబడుతుంది.

విండోస్‌ను పూర్తిగా తీసేయొచ్చు కదా అనేవాళ్లూ ఉంటారు. అను ఫాంట్లు, ట్యాలీ, ఆడిటర్ ఆఫీసులో వాడే డిజిటల్ సంతకం డాంగిల్ వీటిలో ఏది మీ ఇంట్లో ఉన్నా ఆ ఆలోచన మానుకోండి. ఇంకో సంగతి: విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి కనుక చాలా పాత మిషన్లు దానికి పనికిరావు. అలాంటి మిషన్‌లో ఇంటర్నెట్ పనులకు లినక్స్, ఆఫ్‌లైన్‌లో ఆ ఒక్క పాత సాఫ్ట్‌వేర్ కోసం విండోస్ 10 అని పంచుకోవడం మంచి ఏర్పాటు.

లినక్స్‌లో రకాలు చాలా ఉన్నాయి. ఏది అంటే, నేను కొత్తవాళ్లకు మింట్ 22 సిన్నమన్ వేస్తాను. ఉబుంటు అనే ఇంకో లినక్స్ 24.04 వెర్షన్ పునాది మీద కట్టింది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. స్టార్ట్ మెనూ ఎడమవైపు కింద ఉంటుంది కాబట్టి విండోస్ చేతులకు కొత్తగా అనిపించదు. ఉబుంటు వేసుకున్నా కింద చెప్పినవి దాదాపు అన్నీ వర్తిస్తాయి, ఇన్‌స్టాలర్ తెరలు మాత్రం వేరుగా ఉంటాయి.

లోపల జరిగేది ఇదీ

ఒకే ఇంట్లో రెండు పోర్షన్లు అనుకోండి. గోడ వేరు, వంటగది వేరు, కానీ వీధి గేటు ఒక్కటే. డిస్క్‌లో ఆ గేటు పేరు ఈఎఫ్ఐ పార్టిషన్. ఫ్యాట్32 ఫార్మాట్‌లో, సాధారణంగా 100 నుంచి 260 ఎంబీ ఉండే చిన్న ముక్క. విండోస్ తన బూట్ మేనేజర్‌ను (ఆన్ చేయగానే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) అక్కడ ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. లినక్స్ వచ్చి అదే గేటు దగ్గర గ్రబ్ అనే తన బూట్ మేనేజర్‌ను వేరే ఫోల్డర్‌లో పెడుతుంది. మదర్‌బోర్డ్‌లోనే ఉండే యూఈఎఫ్ఐ అనే సాఫ్ట్‌వేర్ ఈ ఇద్దరి పేర్లూ రాసుకుని, ముందు ఎవరిని పిలవాలో ఒక వరస పెట్టుకుంటుంది. డ్యుయల్ బూట్‌లో వచ్చే గొడవల్లో చాలావరకు ఈ గేటు దగ్గరివే. ఆ ముక్కను ఫార్మాట్ చేశారా, ఇద్దరూ బయటే ఉండిపోతారు.

2012కు ముందు మిషన్లలో ఎక్కువగా పాత పద్ధతి బయాస్, ఎంబీఆర్ డిస్క్ ఉండేవి. ఆ డిస్క్‌లో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే. మీది ఏదో తెలుసుకోవడం తేలిక. విండోస్ స్టార్ట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరవండి. బయాస్ మోడ్ అన్న వరస ఎదురుగా యూఈఎఫ్ఐ అని ఉంటే కింద చెప్పిన దారిలో నడవండి. లెగసీ అని ఉంటే పెన్‌డ్రైవ్‌ను కూడా లెగసీలోనే బూట్ చేయాలి. ఒకటి అటు, ఒకటి ఇటు వేస్తే గ్రబ్‌లో విండోస్ తెరుచుకోదు.

విండోస్‌లో చేసుకోవాల్సినవి

మొట్టమొదట బ్యాకప్. ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, ప్రెస్ ఫైళ్లు అన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి. డీ డ్రైవ్‌లోకి కాపీ చేసి బ్యాకప్ అయిందనుకునేవాళ్లున్నారు. డీ డ్రైవ్ కూడా అదే డిస్క్ మీద ఉంటుంది బాబూ.

రెండోది, అసలైనది: ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేకుండా ఎవరూ చదవకుండా డిస్క్‌కు వేసే తాళం. విండోస్‌లో దాని పేరు బిట్‌లాకర్. ఇక్కడే నా కథ. రెండేళ్ల కింద మా చిన్నాన్న కొడుకు ల్యాప్‌టాప్‌కి ఇదే పని చేస్తూ, బయాస్‌లో (విండోస్ లేవకముందు తెరుచుకునే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్, యూఈఎఫ్ఐ మిషన్లలోనూ వాడుకలో ఇదే పేరు) ఒక సెట్టింగ్ మార్చి రీస్టార్ట్ చేశాను. నీలం తెర వచ్చి బిట్‌లాకర్ రికవరీ కీ కొట్టమంది. 48 అంకెలు. తమ్ముడి మెయిల్‌లో వెతికితే లేదు. తర్వాత తెలిసింది, ల్యాప్‌టాప్ కొన్నరోజు షాపులో కుర్రాడు తొందరగా అయిపోతుందని తన సొంత మెయిల్ ఐడీతో విండోస్ సెటప్ చేసి ఇచ్చాడట. కీ వెళ్లి అతని ఖాతాలో కూర్చుంది. రాత్రి పదకొండుకు అతనికి ఫోన్ చేస్తే, "ఆ మెయిల్ పాస్‌వర్డ్ మర్చిపోయాను సార్" అన్నాడు. మార్చిన సెట్టింగ్‌ను వెనక్కి తిప్పితే అదృష్టం కొద్దీ విండోస్ లేచింది. లేవకపోతే ఆ డిస్క్‌లో ఉన్నవన్నీ గోవిందా.

బిట్‌లాకర్ మేమెప్పుడూ ఆన్ చేయలేదే అనకండి. విండోస్ 11 హోమ్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో ఇది తనంతట తానే ఆన్ అయ్యి ఉండొచ్చు. 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఇది ఇంకా ఎక్కువ మిషన్లలో జరుగుతోంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి డివైస్ ఎన్‌క్రిప్షన్ చూడండి. ఆన్‌లో ఉంటే రెండు పనులు చేయాలి. ఒకటి, మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో లాగిన్ అయ్యి రికవరీ కీ ఉందో లేదో చూసి, 48 అంకెలూ కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో ఫొటో తీసుకున్నా సరే, అదే ల్యాప్‌టాప్‌లో మాత్రం దాచకండి. రెండు, డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేయండి. డిస్క్ మొత్తం విప్పడానికి గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఛార్జర్ పెట్టి వదిలేసి, పూర్తయ్యాకే ముందుకు కదలండి. అన్నీ అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. అలా చేసినవాళ్లకు గ్రబ్ ద్వారా విండోస్‌లోకి వెళ్లినప్పుడు కీ అడిగే అవకాశం ఉంది, అప్పుడు ల్యాప్‌టాప్ బూట్ మెనూ (కింద చెప్పే ఎఫ్12 లాంటి మీటతో వచ్చేది) నుంచి నేరుగా విండోస్‌ను ఎంచుకోవడం మేలు.

మూడోది ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. సీ డ్రైవ్ అర్ధాంతరంగా తెరిచి ఉంచిన పుస్తకంలా మిగులుతుంది. లినక్స్ దాన్ని చూసి, చదవనిస్తుందే తప్ప రాయనివ్వదు. బలవంతంగా రాస్తే ఫైళ్లు పాడవుతాయి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో ఎడమవైపు పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింకు, పైన బూడిద రంగులో ఉన్న సెట్టింగులను విడిపించే నీలం లింకు నొక్కి, కింద ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. ఒక్కోసారి పెద్ద అప్‌డేట్ తర్వాత ఆ టిక్ తిరిగి వచ్చి కూర్చుంటుంది. ఆరు నెలలకోసారి చూసుకోండి.

ఇక స్థలం ఖాళీ చేయడం. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే డిస్క్ మేనేజ్‌మెంట్ వస్తుంది. 512 జీబీ డిస్క్ అక్కడ 476 అనే కనిపిస్తుంది. కంపెనీవాడు వెయ్యితో లెక్కేస్తాడు, విండోస్ 1024తో లెక్కేస్తుంది, ఎవరూ దొంగిలించలేదు. సీ మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ ఎంచుకోండి. అడిగేది ఎంబీలలో: 60 జీబీకి 61440, 80కి 81920, 100కి 102400. మింట్ 20 జీబీలోనూ పడుతుంది, హాయిగా ఉండాలంటే 100 అని వాళ్లే చెబుతారు. మేం 100 ఇచ్చాం. విండోస్‌కి కూడా కనీసం 40, 50 జీబీ ఊపిరాడే జాగా వదలండి, లేకపోతే వచ్చే అప్‌డేట్‌కే మొరాయిస్తుంది. వచ్చిన ఖాళీని అలాగే నలుపు గీతతో అన్‌అలొకేటెడ్‌గా వదిలేయండి. దానికి ఈ డ్రైవ్ అని పేరు పెట్టి ఫార్మాట్ చేయొద్దు.

ఇక్కడ చాలామంది తగిలే రాయి ఒకటుంది. 200 జీబీ ఖాళీ ఉన్నా, 12 జీబీ మాత్రమే తగ్గించగలనంటుంది. డిస్క్ చివర్లో కదపలేని ఫైళ్లు ఉండటమే కారణం: పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్, రిస్టోర్ పాయింట్లు. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేసి, ఖాళీ వదిలి స్లాష్ హెచ్, మళ్లీ ఖాళీ వదిలి ఆఫ్ అని కొట్టండి. హైబర్నేషన్ పోతుంది, దాంతోపాటే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, ఒక దెబ్బకు రెండు పిట్టలు. సిస్టమ్ ప్రొటెక్షన్‌నూ, వర్చువల్ మెమరీనీ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. మా ప్రెస్ ల్యాప్‌టాప్‌లో మొదట 31 జీబీ అన్నది, ఇవన్నీ ఆపాక అడిగిన 100 ఇచ్చింది. పని అయ్యాక ప్రొటెక్షన్, మెమరీ రెండూ తిరిగి ఆన్ చేయడం మర్చిపోవద్దు.

ష్రింక్ అయ్యాక విండోస్‌ను రెండుసార్లు రీస్టార్ట్ చేసి, మామూలుగా లేస్తోందో చూసుకోండి. ఇప్పుడే తేడా వస్తే అది లినక్స్ తప్పు కాదని కనీసం తెలుస్తుంది.

పెన్‌డ్రైవ్

8 జీబీది చాలు. అందులో ఉన్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. మింట్ సైట్‌లో దొరికే ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ మొత్తం ఉన్న ఒకే ఫైల్) సుమారు 3 జీబీ ఉంటుంది. మొబైల్ డేటాతో లాగేవాళ్లు రోజువారీ కోటా చూసుకోండి, మధ్యలో తెగితే ఫైల్ సగమే వస్తుంది. సైట్‌లోనే ఫైల్‌కి వేలిముద్ర లాంటి ఒక పొడవైన షా256 సంఖ్య ఇస్తారు. దించిన ఫైల్ సంఖ్యతో అది అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి. సోమరితనంతో ఈ మెట్టు దాటేసి, సగం ఇన్‌స్టాల్‌లో ఎర్రర్ వచ్చాక తల పట్టుకున్నవాళ్లను చూశాను.

ఐఎస్ఓను కాపీ పేస్ట్ చేస్తే పనిచేయదు. రూఫస్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో రాయాలి. పార్టిషన్ స్కీమ్ జీపీటీ, టార్గెట్ సిస్టమ్ యూఈఎఫ్ఐ పెట్టి స్టార్ట్ నొక్కండి. ఐఎస్ఓ మోడా, డీడీ మోడా అని అడిగితే మొదటిదే ఉంచండి.

బూట్ చేసి, ముందు రుచి చూడండి

పెన్‌డ్రైవ్ పెట్టి, రీస్టార్ట్ కాగానే బూట్ మెనూ మీటను టకటకా నొక్కుతూ ఉండాలి. డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌ల్లో ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12, కానీ చాలా మోడళ్లలో ముందు ఎఫ్2తో బయాస్‌లోకి వెళ్లి ఎఫ్12 బూట్ మెనూ అన్నదాన్ని ఎనేబుల్ చేయాలి. మీట దొరక్కపోతే ఇంకో దారి: విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే వచ్చే నీలం మెనూలో యూజ్ ఏ డివైస్ అని ఉంటుంది. పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే, ముందు యూఈఎఫ్ఐ అని రాసి ఉన్నదాన్నే ఎంచుకోండి.

సెక్యూర్ బూట్ (డిజిటల్ సంతకం లేని సిస్టమ్‌ను లేవనివ్వని రక్షణ) ఆపమని చాలా వీడియోల్లో చెబుతారు. మింట్‌కి, ఉబుంటుకి అక్కర్లేదు. ఆన్‌లోనే ఉంచండి.

నిమిషంలో మింట్ డెస్క్‌టాప్ వస్తుంది. ఇది పెన్‌డ్రైవ్ మీద నడుస్తున్నదే, డిస్క్‌ను ఇంకా ముట్టుకోలేదు. తొందరపడి ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కకండి. వైఫై దొరుకుతోందా, పాట పెడితే వినిపిస్తోందా, టచ్‌ప్యాడ్‌తో రెండు వేళ్ల స్క్రోల్ వస్తోందా, వెలుతురు తగ్గించే మీటలు పనిచేస్తున్నాయా చూడండి. ఒక పావుగంట సినిమా పెట్టి చూసినా తప్పులేదు. వైఫై రాకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, డ్రైవర్ గొడవ లేకుండా ఇంటర్నెట్ వచ్చేస్తుంది. కావాల్సిన డ్రైవర్ తర్వాత దాంతోనే దించుకోవచ్చు.

ఇన్‌స్టాల్

ఛార్జర్ తగిలించండి. ల్యాప్‌టాప్ కాక డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా, కరెంటు కోతల వేళ ఈ పని పెట్టుకోవద్దు.

భాషల జాబితాలో తెలుగు కూడా ఉంటుంది. ముచ్చటగా ఉంటుంది కానీ, మొదటిసారి ఇంగ్లిష్‌లోనే పెట్టమంటాను. ఏదైనా ఎర్రర్ వస్తే ఆ మాటలే వెతుక్కోవాలి కదా. తర్వాత తెలుగులోకి మార్చుకోవచ్చు. మల్టీమీడియా కోడెక్‌లకు టిక్ పెడితే, సెక్యూర్ బూట్ కోసం ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. తేలికైనది పెట్టి కాగితం మీద రాసుకోండి, దాని పని రీస్టార్ట్ అయ్యాక ఉంది.

తర్వాత వచ్చే తెర ముఖ్యమైనది. విండోస్ బూట్ మేనేజర్ పక్కన ఇన్‌స్టాల్ చేయనా, డిస్క్ అంతా చెరిపేయనా, ఇంకేదైనానా అని మూడు దారులు ఉంటాయి. రెండోది, అంటే ఎరేజ్ డిస్క్, మీది కాదు. మొదటిది పనిచేస్తుంది, కాని అది ఎక్కడ ఏం కోస్తుందో నాకు నచ్చదు. నేను మూడోది, సమ్‌థింగ్ ఎల్స్ అన్నదే ఎంచుకుంటాను. కాస్త భయంగా కనిపించినా, ఏది ఎక్కడ ఉందో మన కళ్లతో చూస్తాం.

ఒకవేళ ఆ తెరలో విండోస్ ఊసే లేకపోతే, లేదా డిస్కే కనపడకపోతే, అక్కడే ఆగి క్విట్ నొక్కండి. పెన్‌డ్రైవ్ లెగసీలో లేచిందేమో, ఎన్‌క్రిప్షన్ ఇంకా ఉందేమో చూడండి. ఆ రెండూ కాకపోతే బయాస్‌లో స్టోరేజ్ మోడ్ రెయిడ్ లేదా ఇంటెల్ ఆర్ఎస్‌టీ అని ఉండవచ్చు, దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. నేరుగా మారిస్తే విండోస్ నీలం తెరతో పడిపోతుంది. వరస ఇలా ఉండాలి: విండోస్‌లో సిస్టమ్ కాన్ఫిగరేషన్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టండి. రీస్టార్ట్ చేసి నేరుగా బయాస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ చేసి సేవ్ చేయండి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి కొత్త డ్రైవర్ పట్టుకుంటుంది. అప్పుడు టిక్ తీసి మళ్లీ రీస్టార్ట్. సేఫ్ మోడ్‌లో నాలుగంకెల పిన్ పనిచేయకపోవచ్చు, ఖాతా అసలు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకోండి.

మా తెర మీద వరసలు ఇలా ఉన్నాయి. మొదటిది ఈఎఫ్ఐ, 260 ఎంబీ. రెండోది 16 ఎంబీ, ఏమీ తెలియదన్నట్టు ఉంటుంది, అది మైక్రోసాఫ్ట్ రిజర్వ్డ్, దాని జోలికి పోవద్దు. మూడోది ఎన్‌టీఎఫ్ఎస్, పెద్దది, అదే సీ డ్రైవ్. దాని కింద ఫ్రీ స్పేస్, సుమారు 1,07,000 ఎంబీ. చివరన చిన్న ఎన్‌టీఎఫ్ఎస్, విండోస్ రికవరీ. "మనం 102400 కదా మామయ్యా ఇచ్చింది?" అని మేనకోడలు వెంటనే పట్టుకుంది. ఈ ఇన్‌స్టాలర్ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో. అదే స్థలం, కొలత వేరు.

ఫ్రీ స్పేస్ అన్న వరసను ఎంచుకుని, కింద ప్లస్ గుర్తు నొక్కండి. సైజు మొత్తం అలాగే ఉంచి, యూజ్ యాజ్ దగ్గర ఈఎక్స్‌టీ4, మౌంట్ పాయింట్ దగ్గర / అనే ఒక్క గీత పెట్టి ఓకే చేయండి. అంతే. హోమ్‌కి (మీ ఫైళ్లు ఉండే చోటు) వేరు పార్టిషన్, స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే జాగా) వేరు పార్టిషన్ అని పాత వ్యాసాల్లో ఉంటుంది. స్వాప్ ఫైల్ అదే తయారుచేసుకుంటుంది. 100 జీబీలో హోమ్‌ను విడగొడితే, రేపు ఒకవైపు నిండి ఇంకోవైపు ఖాళీగా ఉంటుంది.

ఈఎఫ్ఐ వరస మీద ఫార్మాట్ డబ్బాలో టిక్ లేదని రెండుసార్లు చూడండి. బూట్‌లోడర్, అంటే గ్రబ్, ఎక్కడ పెట్టాలన్న చోట విండోస్ ఉన్న డిస్క్‌నే ఉంచండి. రెండు డిస్క్‌లు ఉన్న మిషన్లలో మీరు రెండోదాన్ని ఎంచుకున్నా, ఈ ఇన్‌స్టాలర్ గ్రబ్‌ను మొదటి డిస్క్ ఈఎఫ్ఐలోనే పెట్టేసే అలవాటు ఉంది. అది నచ్చనివాళ్లు ఇన్‌స్టాల్ అయ్యేదాకా మొదటి డిస్క్‌ను ఊడదీసి పక్కన పెడతారు.

ఇన్‌స్టాల్ నౌ నొక్కితే, ఏమేం మార్చబోతోందో చివరిసారి చూపిస్తుంది. అక్కడ ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ అయ్యేది ఒక్క పార్టిషన్ మాత్రమే ఉండాలి. ఎన్‌టీఎఫ్ఎస్ పేరు కనిపిస్తే వెనక్కి. సరిగ్గా ఉంటే కంటిన్యూ నొక్కి, కోల్‌కతాను టైమ్ జోన్‌గా ఎంచుకుని, పేరు, పాస్‌వర్డ్ పెట్టి టీ తాగిరండి.

మొదటి రోజు సర్దుబాట్లు

రీస్టార్ట్‌లో నీలం తెర మీద మోక్ మేనేజ్‌మెంట్ అని వస్తే కంగారు పడకండి, బిట్‌లాకర్ కాదు. పది సెకన్లలోపు ఏదో ఒక మీట నొక్కి, ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, యెస్ అంటూ వెళ్లి, ఇందాక రాసుకున్న పాస్‌వర్డ్ కొట్టండి. చూస్తూ ఊరుకుంటే ఆ అవకాశం పోతుంది, ఎన్‌విడియా లాంటి డ్రైవర్లు లోడ్ కావు.

ఆ తర్వాత గ్రబ్ మెనూ: పైన లినక్స్ మింట్, కింద విండోస్ బూట్ మేనేజర్. ముందు విండోస్‌లోకి వెళ్లి చూసి, తర్వాతే లినక్స్‌లో ఆడుకోండి. మెనూలో విండోస్ లేకపోతే, లినక్స్‌లో గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్‌లో ఓఎస్ ప్రోబర్‌ను (పక్కనున్న సిస్టమ్‌లను వెతికేది) ఆపే వరస ఉందేమో చూసి దాన్ని ఫాల్స్ చేయాలి. ఆపై అప్‌డేట్-గ్రబ్ కమాండ్‌ను సుడోతో, అంటే అడ్మినిస్ట్రేటర్ హక్కుతో, నడపాలి. గ్రబ్ 2.06 నుంచి భద్రత కోసం దీన్ని ఆపే ఉంచుతున్నారు.

మర్నాడు పది గంటలకు ప్రెస్ నుంచి ఫోన్. "బావా, గడియారం తెల్లవారుజామున నాలుగున్నర చూపిస్తోందేంటి? బిల్లుల మీద టైమ్ తప్పు పడుతోంది." ఇది ప్రతి ఇంట్లో వచ్చేదే. మదర్‌బోర్డ్ గడియారంలో లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుని చదువుతుంది. మనకు యూటీసీకి తేడా అయిదున్నర గంటలు, అందుకే సరిగ్గా అంతే వెనక. లినక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ తర్వాత ఖాళీ వదిలి సెట్-లోకల్-ఆర్‌టీసీ, మళ్లీ ఖాళీ వదిలి 1 అని కొడితే, లినక్సే సర్దుకుని విండోస్ పద్ధతిలో రాస్తుంది. తర్వాత విండోస్‌లో సింక్ నౌ ఒక్కసారి నొక్కండి.

తెలుగు టైపింగ్‌కి: కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్లకు తెలుగు కలపండి. ఇన్‌స్క్రిప్ట్ తరహాది, ఫొనెటిక్‌ది, సరళ పేరుతో ఒకటి ఉంటాయి. ఆర్‌టీఎస్ అలవాటైనవాళ్లు ఐబస్‌ను, ఎం17ఎన్ ప్యాకేజీని వేసుకుంటే అదీ దొరుకుతుంది. ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీలో పోతన, వేమన ఫాంట్లు ఉన్నాయి. అను ఫాంట్లలో కూర్చిన పాత ఫైళ్లు మాత్రం ఇక్కడ చదవలేని గుర్తులుగా కనిపిస్తాయి, అవి యూనికోడ్ కావు. ఆ పని విండోస్ వైపే చేసుకోవాలి.

మా ఇంట్లోలా ఎక్కువగా విండోస్ వాడేవాళ్లు ఉంటే, బయాస్ బూట్ వరసలో విండోస్ బూట్ మేనేజర్‌ను పైన పెట్టేయండి. లినక్స్ కావాలన్నప్పుడు ఎఫ్12 నొక్కి ఎంచుకోవడమే. బావమరిదికి ఆ నల్ల మెనూ కనపడక్కర్లేదు, అమ్మాయికి ఒక్క మీట ఎక్కువ. ఆ జాబితాలో మింట్ పేరు ఉండదు, ఉబుంటు అని ఉంటుంది. అదే మీది.

అప్‌డేట్ తర్వాత లినక్స్ మాయమైతే

విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత ఒక్కోసారి తనను తాను వరసలో మొదట పెట్టుకుంటుంది. లినక్స్ పోలేదు, గేటు దగ్గర వరస మారింది, అంతే. బయాస్‌లోకి వెళ్లి ఉబుంటును పైకి జరిపితే సరి. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ భద్రతా అప్‌డేట్ మాత్రం అంతకంటే ఎక్కువే చేసింది. పాత గ్రబ్ వాడుతున్న డ్యుయల్ బూట్ మిషన్లు కొన్నింటిలో ఎస్‌బ్యాట్ (పాత బూట్ ఫైళ్లను అడ్డుకునే సెక్యూర్ బూట్ పరీక్ష) తనిఖీ విఫలమైందని చెప్పి లినక్స్ లేవలేదు. అలాంటప్పుడు సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి అప్‌డేట్లన్నీ వేసుకోవాలి. లినక్స్ వైపు వారాల తరబడి అప్‌డేట్ చేయకుండా వదిలేయొద్దనేది ఇందుకే.

తీసేయాలనుకుంటే

ముందు బయాస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదట పెట్టండి. ఈ మెట్టు దాటేసి నేరుగా పార్టిషన్ తీసేస్తే, ఆన్ చేయగానే గ్రబ్ రెస్క్యూ అన్న నల్ల తెర మీద ఇరుక్కుంటారు. ఇరుక్కున్నా ఎఫ్12తో విండోస్‌ను ఎంచుకుని బయటపడొచ్చు. తర్వాత విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో, డ్రైవ్ అక్షరం లేకుండా ఉన్న ఆ 100 జీబీ ముక్కను డిలీట్ చేసి, సీ మీద రైట్ క్లిక్‌తో ఎక్స్‌టెండ్ వాల్యూమ్ కొట్టండి. ఖాళీ సీకి కుడిపక్కనే ఆనుకుని ఉంటుంది కాబట్టి కలిసిపోతుంది. ఈఎఫ్ఐలో ఉబుంటు ఫోల్డర్ కొన్ని ఎంబీలతో మిగిలిపోతుంది. దానివల్ల నష్టమేమీ లేదు, దాన్ని తవ్వబోయి గేటు విరగ్గొట్టుకోకండి.